చప్పట్లు ఎక్కడ కొట్టాలి?

(హెలికాప్టర్ ప్రదర్శనల మీద ఒక ఎయిర్‌షోకి ముందురోజు సాయంత్రం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

రేపు పొద్దున మీలో చాలామంది ఎయిర్‌షోకి వస్తున్నారు. దానికి ముందు హెలికాప్టర్ల గురించి కాసేపు మాట్లాడమని నిర్వాహకులు అడిగితే వెంటనే ఒప్పుకున్నాను. నేను పైలట్‌ని కాను. మెయింటెనెన్స్ ఇంజనీరుని. ప్రదర్శన హెలికాప్టర్లు లేచేదాకా వాటి పక్కన, లేచాక కింద నిలబడి మెడ పైకెత్తి, చాలా ఏళ్లు గడిపాను. ఆ ఏళ్లన్నిటిలో నన్ను ఒకటే బాధపెట్టేది. జనం చప్పట్లు కొట్టే చోటు ఒకటి, పైలట్‌కి చెమటలు పట్టే చోటు మరొకటి. ఆ రెండూ కలిసిన రోజులు నేను చూసినవి చాలా తక్కువ. రేపు అలాంటి రోజు కావాలని ఆశ. అందుకే వచ్చాను.

ముందు ఒక పాత సంగతి. 1938 ఫిబ్రవరి, బెర్లిన్. డాయిచ్‌లాండ్‌హాలే అనే పెద్ద ఇండోర్ స్టేడియం. చుట్టూ గ్యాలరీల్లో జనం, నెత్తిన కప్పు. ఆ కప్పు కింద హన్నా రైట్ష్ అనే పైలట్ ఒక హెలికాప్టర్‌ని లేపింది. ఫోకె-వుల్ఫ్ ఎఫ్‌డబ్ల్యూ 61. విమానం ఒంటికి అటొకటి ఇటొకటి చట్రాలు బిగించి, వాటి మీద రెండు రోటర్లు, అంటే తిరిగే రెక్కల చక్రాలు, పెట్టినట్టుండే యంత్రం. అది మొదటిసారి ఎగిరి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. ఆ కార్యక్రమం నాజీ ప్రభుత్వం తన గొప్ప చాటుకోవడానికి పెట్టుకున్నది, అది మరిచిపోకూడదు. అయితే ఆ గోడల మధ్య రైట్ష్ ఏం చేసి చూపించిందో ఆలోచించండి. వేగం చూపించడానికి అక్కడ చోటే లేదు. పల్టీ కొట్టే వీల్లేదు. లేచింది, గాల్లో ఆగింది, ముందుకీ వెనక్కీ పక్కకీ జరిగింది, దించాలనుకున్న చోట దించింది. ఒకటి రెండు రోజులు కాదు, రోజు తర్వాత రోజు అదే పని.

హెలికాప్టర్ ప్రదర్శన అంటే అప్పుడూ ఇప్పుడూ అదే. జెట్ విమానం మీ ముందునుంచి రెండు సెకన్లలో వెళ్లిపోతుంది, చప్పుడు తర్వాత వస్తుంది. హెలికాప్టర్ అలా కాదు, మీ ఎదురుగా వచ్చి నిలబడుతుంది. తప్పు చేస్తే దాచుకోవడానికి దానికి దూరం లేదు, వేగం లేదు.

ఆ నిలబడటం గురించే మొదట చెప్తాను, ఎందుకంటే రేపు మీరు పట్టించుకోకుండా వదిలేసేది దాన్నే. గాల్లో ఒకే చోట ఆగి ఉండటాన్ని హోవర్ అంటారు. చూడటానికి హెలికాప్టర్‌ని గాల్లో ఒక మేకుకి తగిలించినట్టు ఉంటుంది. లోపల మాత్రం రెండు చేతులూ రెండు కాళ్లూ ఒక్క క్షణం ఊరుకోవు. ఎడమ చేతిలో కలెక్టివ్, అది అన్ని రెక్కల కోణాన్నీ ఒకేసారి మార్చి పైకీ కిందికీ తీసుకెళ్తుంది. కుడి చేతిలో సైక్లిక్, అది రోటర్‌ని ఎటు వంచితే హెలికాప్టర్ అటు జరుగుతుంది. కాళ్ల కింద పెడల్స్, అవి టెయిల్ రోటర్‌కి, అంటే తోక దగ్గరున్న చిన్న రోటర్‌కి. ఒకటి కదిపితే మిగతా రెండూ కదపాల్సిందే. కలెక్టివ్ కాస్త పైకి లాగితే మెయిన్ రోటర్ తిప్పడానికి ఇంజన్ ఎక్కువ కష్టపడుతుంది, దానికి ఎదురుగా బాడీ తిరగబోతుంది, పెడల్ నొక్కి ఆపాలి. పెడల్ నొక్కితే టెయిల్ రోటర్ తోపుడు పెరిగి హెలికాప్టర్ పక్కకి జారుతుంది, సైక్లిక్‌తో సర్దాలి. సైక్లిక్ వంచితే కొంచెం ఎత్తు తగ్గుతుంది, మళ్లీ కలెక్టివ్. ఇది ఆగని చక్రం. మొదటిసారి నేర్చుకునేవాళ్లు ఫుట్‌బాల్ మైదానమంత చోటులో కూడా దాన్ని ఒకచోట ఉంచలేరు.

ఇప్పుడు దీనికి గాలి కలపండి. ప్రదర్శనలో పైలట్ హోవర్‌లో నిలబడి, ఉన్నచోటే నెమ్మదిగా ఒక చుట్టు తిరుగుతాడు. పెడల్ టర్న్ అంటారు. జనం అప్పుడు ఫోన్‌లో మెసేజ్‌లు చూసుకుంటారు, నేను చాలాసార్లు చూశాను. కానీ ఆ ఒక్క చుట్టులో గాలి ముందు ముక్కుకి తగులుతుంది, తర్వాత ఒక పక్కకి, తర్వాత తోకకి, తర్వాత రెండో పక్కకి. ఒక్కో దిక్కుకి సైక్లిక్ ఒక్కో వైపు పట్టాలి. గాలి వెనకనుంచి తగిలినప్పుడు తోక దానంతట అదే గిర్రున తిరగాలని చూస్తుంది, గాలికోడి తిరిగినట్టు. దాన్ని పట్టి ఆపి, అంతే వేగంతో, అంతే ఎత్తులో చుట్టు పూర్తి చేయాలి. రేపు పెడల్ టర్న్ మొదలవగానే హెలికాప్టర్ కింద నేల మీద ఒక గుర్తు పెట్టుకోండి, ఒక గడ్డిదుబ్బో, గీతో. చుట్టు పూర్తయ్యేసరికి హెలికాప్టర్ ఇంకా ఆ గుర్తు పైనే ఉంటే, దయచేసి అప్పుడు చప్పట్లు కొట్టండి.

హెలికాప్టర్ జనానికి తల వంచి నమస్కారం పెట్టడం మీరు వీడియోల్లో చూసి ఉంటారు. పిల్లలకి భలే ఇష్టం. దాని లోపలి పని నాకు ఇంకా ఇష్టం. హోవర్‌లో ఉన్న హెలికాప్టర్ ముక్కు వంచితే ఏమవుతుంది? ముందుకి దూసుకుపోతుంది, అంటే మీ మీదికి. మరి వంగి కూడా అక్కడే ఎలా ఉంటుంది? పైలట్ దాన్ని ముందే మెల్లగా వెనక్కి నడుపుతూ ఉంటాడు. ఆ వెనక్కి పోయే నడకని ఆపడానికి ముక్కు వంచుతాడు. వంచిన ఆ కాసేపూ వెనక్కి వెళ్లే ఊపు, ముందుకి లాగే రోటర్ బలం ఒకదాన్నొకటి తినేస్తాయి. మీకు అది నమస్కారంలా కనిపిస్తుంది. పైలట్‌కి అది బ్రేక్. ఒక్క సెకను ఎక్కువసేపు వంచి ఉంచితే ఆ నమస్కారం కాస్తా ముందుకి ఉరుకుతుంది.

సరే, ఇక అందరూ ఎదురుచూసే పల్టీ దగ్గరికి వద్దాం.

హెలికాప్టర్‌తో లూప్, అంటే గాల్లో నిలువుగా ఒక పూర్తి చుట్టు, మొదటిసారి కొట్టింది 1949లో, అమెరికాలో, సికోర్‌స్కీ కంపెనీ ఎస్-52తో. ఆ కంపెనీ పెట్టిన ఇగోర్ సికోర్‌స్కీ తన వీఎస్-300 హెలికాప్టర్‌ని తాళ్లు కట్టి మొదటిసారి నేలనుంచి లేపింది 1939లో. అంటే పదేళ్లలో తాళ్లనుంచి లూప్ దాకా వచ్చేశారు. అయినా ఈ రోజుకీ చాలా హెలికాప్టర్లు లూప్ కొట్టకూడదు. ఎందుకో తెలియాలంటే రోటర్ మధ్యలో ఏముందో చూడాలి.

మామూలుగా రోటర్ రెక్కలు హబ్‌కి, అంటే రోటర్ మధ్యలో ఉండే దిమ్మకి, గట్టిగా బిగించి ఉండవు. కీళ్లలాంటివి ఉంటాయి, రెక్క పైకీ కిందికీ ఆడుతుంది. రెండే రెక్కలున్న కొన్ని రకాల్లో, ఉదాహరణకి హ్యూయీలో, రాబిన్సన్ ఆర్22లో, మొత్తం రోటరే ఊగుడుబల్లలా ఊగుతుంది. హెలికాప్టర్ బాడీ దాని కింద లోలకంలా వేలాడుతూ ఉంటుంది. బరువు ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. కారు గతుకు మీద ఎగిరినప్పుడు కడుపులో తేలినట్టు అనిపిస్తుందే, ఆ తేలికతనం వస్తే మాత్రం రోటర్‌కీ బాడీకీ మధ్య పట్టు పోతుంది. పైలట్ సైక్లిక్ కదిపితే రోటర్ వంగుతుంది కానీ బాడీ దాని వెంట రాదు. అప్పుడు హబ్ వెళ్లి మాస్ట్‌కి, అంటే రోటర్‌ని మోసే ఇరుసుకి, గుద్దుకుంటుంది. మాస్ట్ బంపింగ్ అంటారు దీన్ని. మాస్ట్ తెగిపోయిన ప్రమాదాలున్నాయి. అది తెగాక పైలట్ చేయగలిగింది ఏమీ ఉండదు.

ఈ లెక్కని మార్చింది జర్మనీ హెలికాప్టర్ బీఓ 105. 1967లో మొదటిసారి ఎగిరింది. దాని హబ్ టైటానియం, కీళ్లు లేవు. ఆడాల్సిన ఆట అంతా ఫైబర్‌గ్లాస్ రెక్కే వంగి ఆడుతుంది. సైక్లిక్ కదిపితే ఆ బలం నేరుగా బాడీకి చేరుతుంది, బరువు తేలికైనా సరే. 1971లో మొదటిసారి ఎగిరిన బ్రిటన్ హెలికాప్టర్ లింక్స్‌కి కూడా టైటానియం హబ్బే. లూప్, రోల్ (పక్కకి దొర్లి కొట్టే పల్టీ) రెండూ కొట్టేది. అదే రకానికి చెందిన ఒక లింక్స్, జీ-లింక్స్ అని దాని పేరు, 1986 ఆగస్టు 11న గంటకి 400.87 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు పెట్టింది. ఇప్పుడది ఇంగ్లండ్‌లో వెస్టన్-సూపర్-మేర్ హెలికాప్టర్ మ్యూజియంలో ఉంది. దాని హబ్ పక్కన ఒక్క పది నిమిషాలు నిలబడి చూస్తే నేను చెప్పేదంతా మీకు కళ్ల ముందు కనిపిస్తుంది.

బీఓ 105తోనే ఆస్ట్రియాకి చెందిన ఫ్లయింగ్ బుల్స్ జట్టు లూపులు, రోల్స్, వెనక్కి పల్టీలు చేస్తుంది. అమెరికాలో హెలికాప్టర్ ఏరోబాటిక్స్‌కి, అంటే ఇలాంటి గాలి విన్యాసాలకి, లైసెన్సు పొందిన మొదటి పైలట్ చక్ ఆరన్ నడిపిందీ దాన్నే.

లూప్‌లో చప్పట్లు ఎప్పుడు పడతాయి? తలకిందులయ్యాక. నా మనవి ఏమిటంటే, తలకిందులవడానికి ఒక్క సెకను ముందు చూడండి. పైకి లేచే దారిలో ఒక చోట పైలట్ కళ్లు రెండు అంకెల మీద ఉంటాయి. ఎంత ఎత్తు, ఎంత వేగం. ఆ రెండూ ముందే రాసిపెట్టుకున్నవి. దాన్ని గేట్ అంటారు. అంకెలు సరిపోతేనే గేటు తెరుచుకున్నట్టు, లూప్ పూర్తి చేస్తాడు. సరిపోకపోతే పక్కకి దొర్లి బయటికి వచ్చేస్తాడు. అలా వచ్చేసినప్పుడు కింద జనం ‘అయ్యో’ అంటారు. ఆ మాట వినపడినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమనేది. 2015 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని షోరమ్‌లో ఒక పాత హంటర్ జెట్ లూప్ మొదలుపెట్టింది. పైకొసకి చేరేసరికి ఉండాల్సిన ఎత్తు లేదు. అయినా లూప్ పూర్తిచేయబోయి కింద రోడ్డు మీద పడింది. 11 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది ఆ షోకి టికెట్ కొనుక్కున్నవాళ్లు కూడా కారు, దారిన పోయేవాళ్లు. అందుకే చెప్తున్నాను, మధ్యలో వదిలేసిన లూప్ కనిపిస్తే గట్టిగా చప్పట్లు కొట్టండి.

అయితే హెలికాప్టర్‌కి అసలు గండం లూప్‌లో లేదు. నిటారుగా దిగడంలో ఉంది. ఇది వినడానికి వింతగానే ఉంటుంది. హెలికాప్టర్ తన బరువు మోయడానికి గాలిని కిందికి తోస్తుంది కదా. ముందుకి దాదాపు వేగం లేకుండా, తను తోసిన గాలిలోకే తను గబగబా దిగితే, కిందికి పోవాల్సిన గాలి రెక్కల కొసల చుట్టూ తిరిగి మళ్లీ పైనుంచి రోటర్‌లోకి వస్తుంది. బావిలో బొక్కెన వేసి తోడిన నీళ్లు మళ్లీ బావిలోనే పోస్తున్నట్టు. దీన్ని వోర్టెక్స్ రింగ్ అంటారు. కలెక్టివ్ లాగితే పైకి లేవాలి, కానీ ఇక్కడ లాగేకొద్దీ ఆ సుడి బలపడి ఇంకా వేగంగా పడిపోతుంది. భయం వేసినప్పుడు చెయ్యి చేసే పనే ఇక్కడ చెయ్యకూడని పని. ముక్కు వంచి ముందుకి వెళ్లి సుడిలోంచి బయటపడటం పాత పద్ధతి. దానికి కొంత ఎత్తు ఖర్చవుతుంది. స్విట్జర్లాండ్ పైలట్ క్లోడ్ వుయిషార్ పక్కకి జారి బయటపడే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. అందులో పోయే ఎత్తు తక్కువ. ఇప్పుడు చాలాచోట్ల నేర్పుతున్నారు.

ప్రదర్శనలో దీనికి దగ్గరగా వెళ్లే ఘట్టాలు ఏవో తెలుసా? పైకి లేచి, ఆగి, జనానికి ఎదురుగా నిటారుగా దిగడం. వేగంగా వచ్చి ముక్కెత్తి టక్కున ఆగడం, అదీ వెనకనుంచి గాలి ఉన్నప్పుడు. మీకు అవి విశ్రాంతిలా అనిపిస్తాయి. అప్పుడు పైలట్ కళ్లు ఎత్తు చూపే ముల్లు మీద, దిగే వేగం చూపే ముల్లు మీద ఉంటాయి.

జట్లుగా ఎగిరేవాళ్ల గురించి క్లుప్తంగా. భారత వాయుసేన సారంగ్ జట్టు 2003లో ఏర్పడింది, 2004లో సింగపూర్‌లో మొదటిసారి బయటి జనం ముందు ఎగిరింది. ధ్రువ్ హెలికాప్టర్లు, ఎర్రరంగు, ఒంటి మీద నెమలి బొమ్మ. సారంగ్ అంటే నెమలి. ధ్రువ్‌ది కూడా కీళ్లు లేని రోటరే. స్పెయిన్ వాయుసేనకి ఆస్పా అని ఐదు హెలికాప్టర్ల జట్టు ఉంది. రెండు హెలికాప్టర్లు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయేమో అనిపించేంత దగ్గరగా దాటిపోయే ఘట్టం ఉంటుంది. మీరు కూర్చున్న చోటినుంచి అవి ఒకే గీత మీద ఉన్నట్టు కనిపిస్తాయి. నిజానికి రెండింటి దారుల మధ్య ఎడం ఉంటుంది, అది మీకు అటువైపు ఉంటుంది కాబట్టి కంటికి అందదు. ఒకరు తన దారినుంచి వెంట్రుకవాసి కూడా తప్పరు. తప్పుకునే బాధ్యత రెండోవారిది. ఇద్దరూ తప్పుకోవాలని చూస్తే ఏమవుతుందో ఇరుకు నడవాలో ఎదురుపడ్డ ఎవరికైనా తెలుసు. 2007 ఫిబ్రవరి 2న బెంగళూరులో జరిగే ఏరో ఇండియా ఎయిర్‌షో రిహార్సల్‌లో సారంగ్ హెలికాప్టర్ ఒకటి కూలి ఒక పైలట్ చనిపోయారు. జనం ముందు ఎగిరే రోజు ఇంకా రాలేదు. రిహార్సల్ కూడా అంత బరువైనదే.

మిమ్మల్ని తాడు వెనక ఎందుకు నిలబెడతారో కూడా చెప్పాలి. 1952లో ఫార్న్‌బరోలో డీహెచ్ 110 విమానం గాల్లోనే ముక్కలై జనం మీద పడింది. 31 మంది పోయారు. జనానికీ విమానాలకీ మధ్య దూరం ఎంతుండాలి, జనం మీదినుంచి ఎగరకూడదు అనే నియమాలు ఆ తర్వాతే గట్టిపడ్డాయి. అమెరికాలో నెమ్మదైన వాటికి 500 అడుగులు, మధ్యరకానికి 1,000, బాగా వేగమైన వాటికి 1,500 అడుగుల దూరం ఉండాలి. ఎంత కిందికి దిగి విన్యాసాలు చేయవచ్చో పైలట్‌కి ఇచ్చే అనుమతి కార్డు మీదే ఉంటుంది. మొదట 800 అడుగులు, తర్వాత 500, తర్వాత 250, ఆ పైన నేల దాకా. ఒక్కో మెట్టూ పరీక్షించి ఇస్తారు.

ఇందులో నాకు గుండె బరువెక్కే సంగతి ఒకటుంది. 1988 ఆగస్టు 28న జర్మనీలోని రామ్‌స్టైన్‌లో ఇటలీ జట్టు జెట్లు మూడు గాల్లో ఢీకొన్నాయి. 70 మంది చనిపోయారు. అందులో ఒక జెట్ నేల మీద ఆగి ఉన్న బ్లాక్ హాక్ హెలికాప్టర్‌ని తాకింది. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆసుపత్రికి తీసుకెళ్లడానికి సిద్ధంగా ఉంచిన హెలికాప్టర్ అది. దాని పైలట్ కాలిన గాయాలతో తర్వాత చనిపోయాడు. ఏ ఎయిర్‌షోకి వెళ్లినా ఒక మూల నిశ్శబ్దంగా నిలబడి ఉన్న అంబులెన్స్ హెలికాప్టర్ వైపు నేను ఒకసారి చూస్తాను.

మా పని గురించి ఒక్క ముక్క. రేపు మీరు రాకముందే, తెల్లవారుజామున, ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కి రోటర్ హబ్ దగ్గర టార్చ్ వేసి చూస్తుంటారు. ఏం చూస్తారు? ఒక ఎర్ర గీతని. ముఖ్యమైన నట్టు బిగించాక, నట్టు మీదినుంచి పక్కనున్న లోహం మీదికి ఒకే గీత సన్నగా పెయింట్‌తో గీస్తాం. ఆ గీత ఒకటిగా ఉంటే నట్టు కదల్లేదు. గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందంటే, అది ఒక వెంట్రుకంత అయినా సరే, ఆ రోజుకి ఆ హెలికాప్టర్ ఎగరదు. తర్వాత అరచేత్తో రెక్క ముందంచుని మొదటినుంచి చివరిదాకా నిమురుతాం. కంటికి కనపడని గంటు వేలికి తగులుతుంది. చలికాలం ఉదయం ఆ లోహపు అంచు ఎంత చల్లగా ఉంటుందంటే చెయ్యి కాసేపు మొద్దుబారిపోతుంది. గ్లవ్స్ వేసుకుంటే వేలికి తెలియదు, అందుకని వేసుకోం.

పైలట్ ఆ సమయంలో కొంచెం దూరంలో సిమెంటు నేల మీద నడుస్తూ ఉంటాడు. అరచెయ్యి ముందుకి చాచి, అదే హెలికాప్టర్ అనుకుని, మొత్తం ప్రదర్శనని కాళ్లతో నడుస్తాడు. ఇక్కడ వంపు, ఇక్కడ గేట్, ఇక్కడ గాలి ఎడమనుంచి. పెదవులు కదులుతుంటాయి. ఆ సమయంలో మేమెవ్వరం పలకరించం, కాఫీ కూడా ఇవ్వం.

చివరగా నేను దగ్గరుండి చూసిన ఒక సంగతి. ఊరి పేరూ పైలట్ పేరూ అక్కర్లేదు. ప్రదర్శన మొదలై మూడో నిమిషం. తర్వాతి ఘట్టం, పైనుంచి జనానికి ఎదురుగా నిటారుగా దిగడం. రిహార్సల్లో నాలుగుసార్లు చక్కగా చేశాడు. హెలికాప్టర్ పైకి వెళ్లింది, ఆగింది. దిగలేదు. రేడియోలో ‘స్టాప్’ అని మూడుసార్లు ఆ పైలట్ గొంతే వినిపించింది. ముక్కు తిప్పి, పెద్ద చుట్టు చుట్టి వచ్చి మామూలుగా దించేశాడు. గ్యాలరీల్లో ఒక్క చప్పట్టు లేదు. ఎవరో ఈల వేశారు. మైకులో వ్యాఖ్యాత ఏం చెప్పాలో తెలియక తర్వాతి విమానం గురించి మొదలుపెట్టాడు.

రోటర్ ఆగేదాకా నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆయన హెల్మెట్ తీశాడు. జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుపోయింది. నేను ఏమైందని అడగబోయే లోపే వేలితో రన్‌వే అవతల, గాలి ఎటు వీస్తోందో చూపే విండ్‌సాక్‌ని చూపించాడు. పొద్దుటినుంచీ అవతలి వైపు ఊగుతున్న ఆ నారింజరంగు గుడ్డ సంచీ ఇప్పుడు పూర్తిగా మా వైపు తిరిగి ఉంది. ఆయన దిగబోయేసరికి గాలి వెనకనుంచి వస్తోంది. ఆ మైదానంలో అన్ని వేలమందిలో దాన్ని చూసింది ఆయనొక్కడే. నేను చప్పట్లు కొట్టాను. అక్కడ మేమిద్దరమే ఉన్నాం, ఆయన సిగ్గుపడి తల దించుకున్నాడు.

రేపు మీరు కూర్చునే చోటికి ఎదురుగా, కాస్త కుడివైపు విండ్‌సాక్ ఉంటుంది. ముందు దాన్ని చూడండి, తర్వాత హెలికాప్టర్‌ని చూడండి. ఇంకా కొంచెం టైముంది, ప్రశ్నలుంటే అడగండి.